బేస్తవారం మందు

మా పాపకు పసిరికలని, అదే పచ్చకామెర్లని, మొదట చెప్పింది మా ఆయనే. తిరుపతి ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. లోపల డాక్టరు చెప్పిన మాటకూ, బయట ఈయన చెప్పిన మాటకూ మధ్య ఒక తలుపే అడ్డం.

"పసిరికలంట మా. రోంత ముదిరినాయంట. భయం లేదంట" అన్నాడు.

చీనీకాయల బేరంలో కాయ పుచ్చుంటే వ్యాపారి చూడకముందే తనే తీసి చూపించే మనిషి లోకనాథరెడ్డి. అలాంటివాడు అంత సాఫీగా అబద్ధం ఎలా ఆడాడా అని చూస్తూ నిలబడ్డాను. నాకేమీ అనిపించలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి, ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆ రోజు నుంచి నేను మొత్తం మనిషినే అలా ఉన్నాను.

అబద్ధానికి కారణం ఉంది. మా మామ గొంతులో పుండుతో పోయాడు. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో అప్పుడూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. "ఆ జబ్బు" అంటారు, అది కూడా గుమ్మం వైపు ఒకసారి చూసి. ఆ జబ్బంటే వాళ్ళకు తెలిసింది ఒకటే: వస్తుంది, మనిషిని తీసుకుపోతుంది. అలాంటి ఇంట్లోకి ఆ మాటను రెండో తరగతి చదివే చైత్ర పేరు పక్కన పెట్టి తీసుకెళ్ళడం ఆయన వల్ల కాలేదు. నా వల్లా కాలేదు. పసిరికలైతే ఎవరికైనా వస్తాయి. పత్యం చేస్తే పోతాయి.

ఇక్కడే మేము తెలివి తక్కువగా ఆలోచించాం. పసిరికలంటే మా సీమలో ఊరికే ఉండేవాళ్ళు ఎవరున్నారు? గుండెజబ్బంటే దూరంగా నిలబడి అయ్యో అంటారు. పసిరికలంటే మాత్రం ప్రతి ఇంట్లో ఒక వైద్యుడు బయల్దేరతాడు.

మా ఊరు గండికోట జలాశయం నీళ్ళ కింద ఉంది. ఊరంతా లేచి వచ్చి కొండాపురం పక్కన కాలనీలో ఇళ్ళు కట్టుకున్నాం. పాత ఊళ్ళో అయితే ఇంటికీ ఇంటికీ మధ్య దొడ్డి ఉండేది, గడ్డివామి ఉండేది. కాలనీలో గోడకు గోడ. ఈ ఇంట్లో పోపు వేస్తే ఆ ఇంట్లో తుమ్ముతారు. మేము తిరుపతి నుంచి దిగేసరికి మా వరండాలో జనం. ఒకామె చెరుకురసం తెచ్చింది. ఒకాయన ముల్లంగి ఆకు తెచ్చాడు. ఇంకొకామె ఏమీ తేలేదు గానీ, తన తమ్ముడు పసిరికలు ముదిరి ఎలా పోయాడో మొదలు నుంచీ చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళింది.

మా అత్త తిరుపాలమ్మ ఆ రోజే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. నూనె బంద్, కారం బంద్, చింతపండు బంద్. మెత్తటి అన్నం, మజ్జిగ, ఉప్పు చేతికి అంటీ అంటనట్టు.

అప్పుడు పాపకు డాక్టరు ఇచ్చిన బిళ్ళల్లో ఒకటి ఆకలి పుట్టించేది. మామూలు ఆకలి కాదు. పొద్దున లేస్తూనే తిండి, తిన్న చెయ్యి కడుక్కోకముందే మళ్ళీ తిండి. బుగ్గలు ఉబ్బి ముఖం గుండ్రమైపోయింది. శుభ్రంగా వేడివేడిగా వండి ఏమడిగితే అది పెట్టమని డాక్టరు చెప్పాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు కదా, ఇక్కడ రోగి కోరింది ఎర్రకారం దోశ. వైద్యుడు సరేనన్నాడు. ఒప్పుకోనిది మా అత్త ఒక్కతే.

దాంతో సొంత బిడ్డకు అన్నం పెట్టుకోవడానికి నేను దొంగనయ్యాను. అత్త స్నానానికి పోతే దోశ, గుడికి పోతే ఉగ్గాని. ఒకసారి పట్టుబడ్డాను. పాప నోటి చుట్టూ ఎర్రగా కారం, చేతిలో సగం దోశ. పక్కింటివాళ్ళు ఇద్దరు అత్తతో పాటే లోపలికి వచ్చారు.

"పసిరికల బిడ్డకు కారం పెడ్తాండావా మే? నువ్వు కన్నతల్లివేనా?" అంది మా అత్త.

మామూలుగా అయితే నేను ఊరుకునే రకం కాదు. ప్రొద్దుటూరు పిల్లను, అంగళ్ళ మధ్య పెరిగినదాన్ని, ఒకటంటే రెండంటాను. ఆ రోజు దోశ గిన్నె కడిగి బోర్లించాను. నా గురించి కాలనీలో నెల రోజులు చెప్పుకున్నారట. చెప్పుకోనీ అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా ఎక్కువే. ఆ మాటలు నాకు తగలనే లేదు.

తర్వాత జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, దువ్వెనలో, అన్నంలో. దీనికి మాత్రం లోకనాథరెడ్డికి కష్టం లేకపోయింది. తిరుపతికి పోయి వస్తున్నాం కదా, గుండు చేయించి మొక్కు తీర్చుకున్నామన్నాడు. అందరూ చేతులు జోడించారు. తర్వాత ప్రతిసారీ, "తిరుపతికి పోతాండారు గదా, లడ్లు తెండప్పా" అనేవాళ్ళు. లోపల పాప వెన్నులోకి సూది వేస్తుంటే, బయట ఆయన లడ్డూల కోసం కొండ దిగి వచ్చినవాళ్ళను బతిమాలుకుంటూ తిరిగేవాడు. తిరిగి వచ్చే రైల్లో మా మధ్య లడ్డూల సంచి ఉండేది. ఆ వాసనకు పాపకు వాంతి వచ్చేది. అయినా సంచి తెచ్చి ఇంటింటికీ పంచేవాళ్ళం.

ఒకసారి ఆసుపత్రిలో ఒక మేడం నన్ను పక్క గదిలోకి పిలిచింది. పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడటమే ఆమె ఉద్యోగమట. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "మీరు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది.

"జ్వరం లేదు మేడం. నిన్న రెండు సార్లు చూసినా" అన్నాను.

"పాప కాదమ్మా, మీరు."

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, ఆమె మంచిగా అడిగింది కాబట్టి. "మేము కూడా బాగనే తింటాండాం" అని చెప్పి వచ్చేశాను. ఆమె ముఖం చూస్తే నేను తప్పు జవాబు చెప్పినట్టు తెలిసింది.

నేనలా మొద్దుబారి తిరుగుతుంటే, మా ఆయన ఇంకో దారిలో పోతున్నాడని నాకు చాలా రోజులు తెలియలేదు. మొదట ఆయన పళ్ళెంలో కారం మానేశాడు. పాప పత్యంలో ఉంటే తండ్రి కారం ఎట్లా తింటాడని అనేసరికి మా అత్త కళ్ళు తుడుచుకుంది. సరే, నాటకం బాగానే కడుతున్నాడు అనుకున్నాను. తర్వాత ఒక రోజు తోటలో నేల ఉసిరి మొక్కలు పీక్కొచ్చి, వేర్లు కడిగి, నీడలో ఆరబెట్టాడు. అప్పుడు వంటింట్లో ఇద్దరమే ఉన్నాం.

"ఎవరికిది?" అన్నాను.

"పాపకే. లివర్‌కు మంచిదంట."

"పాప లివర్‌కేమయింది బావా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో దొంగతనం లేదు, సిగ్గు లేదు. నేనేదో అర్థం కాని మాట అన్నట్టు చూశాడు. "అయినా మంచిదే గదా" అని ఆరబెట్టిన ఆకును తిరగేశాడు. నేను ఆ మొక్కలు తీసి గేదెకు వేశాను. ఆయన మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ వేశాను.

ఒక మధ్యాహ్నం పాప నిద్రపోతుంటే పక్కన కూర్చుని, "పసిరికలు తగ్గినాక బడికి పంపిద్దాంలే. ఇంట్లో ఉంటే చదువు మర్చిపోతాది" అన్నాడు.

గదిలో మూడో మనిషి లేదు. వినిపించడానికి ఎవరూ లేరు. "ఎవరికి చెప్తాండావు?" అని అడిగాను.

"నీకే."

ఆ రోజు నాకు కొంచెం భయం వేసింది. వేసి, పోయింది. బియ్యం నానబెట్టే వేళయింది.

ఆసుపత్రిలో మందులు మార్చాక పాపకు రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. పోయినసారి డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఈ రోజుల్లో చిన్న సూక్ష్మక్రిమి చేరినా పిల్ల తట్టుకోలేదు. కాచిన నీళ్ళే. పచ్చివేవీ వద్దు. ఆకులు, పసర్లు నోటి దగ్గరకు కూడా రానీయొద్దు. జ్వరం వస్తే తెల్లారేదాకా చూద్దామని కూర్చోకుండా అదే గంటలో బయల్దేరండి, ఆలస్యమైతే మేము కూడా ఏమీ చేయలేము అన్నాడు. నేను తల ఊపాను. మా ఆయనా తల ఊపాడు.

సరిగ్గా ఆ వారమే పులివెందుల నుంచి మా ఆడబిడ్డ పావని ఫోన్ చేసింది.

"ఇంగ ఎన్నాళ్ళు తిరుపతికి తిరుగుతారు? మా కాడ దావూద్ తాత పసిరికలకు పసరు ఇస్తాడు. దుడ్లు తీసుకోడు. తీసుకుంటే మందు పంజేయదంట. యాడాడ నుంచో వస్తాండారు. బేస్తవారం పరగడుపున పోవాల. ముగ్గుర్నీ నలుగుర్నీ కాదు, వందమందిని జూసినా నేను, ఒక్క మందుకే తగ్గింది" అంది. ఫోను స్పీకర్‌లో ఉంది. ఇల్లంతా విన్నాం.

లోకనాథరెడ్డి ఏదో ఒకటి చెప్పి తప్పిస్తాడని చూశాను. ఇన్నాళ్ళూ తప్పించడం ఆయన పనే. ఆయన ఫోను దగ్గరికి వంగి, "వస్తాం అక్కా" అన్నాడు.

బేస్తవారం ఇంకా వెలుతురు రాకముందే మా బొలెరోలో బయల్దేరాం. రోజూ చీనీకాయలు తోలే బండి అది. ముందర ఆయనా అత్తా, వెనక నేనూ పాపా. పాప మూతికి మాస్కు కట్టి, దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకు బయల్దేరానని మీరు అడగొచ్చు. బండెక్కకుండా ఉండటానికి ఒక మాట చెప్పాలి. ఆ మాట డాక్టరు గది దాటి నా నోటినుంచి ఒక్కసారి కూడా రాలేదు. అదీగాక నాకొక ఉపాయం తోచింది. మందు నా చేతికి ఇస్తారు, పాప నోట్లో పోసినట్టు పోసి కొంగులోకి ఒంపేద్దాం అనుకున్నాను. దొంగగా దోశలు పెట్టినదాన్ని, దొంగగా పసరు పారబోయలేనా?

ముద్దనూరు దాటాక మా అత్త వెనక్కి తిరిగి, టీ తాగొస్తానని బండి ఆపి పోయి ఎంతకీ రాని కొడుకును చూపిస్తూ, "జూడు వీని ఆలస్యం. మందుకు పోయినోడు మాసికానికి వచ్చినట్టు" అంది. ఊరికే అలవాటుగా అనే మాటే. నవ్వుతూ అంది. నేను పాప చెవుల మీద దుప్పటి లాగాను.

పులివెందులలో పావని వదిన బండెక్కి పద్ధతి అంతా చెప్పింది. "ఆయప్ప ముందర ఊరికే మాట్లాడగూడదు. వరసలో కూచ్చోవాల. మన వంతు వచ్చినాక ఆయప్ప అడుగుతాడు, బిడ్డకు ఏమొచ్చిందమ్మా అని. కన్నామె చెప్పాల. ఇంగెవరు చెప్పినా పంజేయదు. నోటితో జబ్బు పేరు చెప్తే, మందు ఆ జబ్బును పట్టుకుంటాది. అప్పుడు ఆయప్పే బిడ్డ నోట్లో పోస్తాడు. మింగినేదాకా గదమ పట్టుకోనుంటాడు. మింగినాక తిరిగి జూడకుండా రావాల."

నా ఉపాయం అక్కడికి అయిపోయింది.

పులివెందుల దాటి, చీనీతోటల మధ్య మట్టిదారిలో కొంత దూరం పోయాక ఒక చిన్న ఇల్లు. ముందు నాపరాళ్ళ పంచ. అప్పటికే జనం ఉన్నారు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్న ఒక ముసలాయన, చంటిబిడ్డతో ఒక జంట, ఇంకా కొందరు. దావూద్ తాత పంచ చివర పీట మీద కూర్చున్నాడు. తెల్లగడ్డం, భుజాన తువ్వాలు, శుభ్రంగా ఉన్నాడు. పక్కన ఆయన భార్య బండ మీద ఆకు నూరి గుడ్డలో పిండుతోంది. పచ్చటి పసరు సత్తుగ్లాసులోకి పడుతోంది. మంచివాళ్ళే. చూస్తేనే తెలుస్తోంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోవడం లేదు. ఆ గుడ్డ ఎన్నిసార్లు పిండారో, ఆ నీళ్ళు ఏ కుండలోవో, నేను అదొక్కటే చూస్తున్నాను.

చంటిబిడ్డ తల్లి వంతు వచ్చింది. "ఏమొచ్చిందమ్మా బిడ్డకు?" "పసిరికలు తాతా." బిడ్డ మింగింది, వాళ్ళు తిరిగి చూడకుండా పోయారు. ఎంత తేలికగా చెప్పింది ఆమె. నాకు ఆమె మీద అసూయ కలిగింది. ఇన్ని నెలల్లో నాకు కచ్చితంగా తెలిసిన మొదటి బాధ అదే.

నేను పక్కకు వంగి, "బావా, లేచి పోదాం. మనకు తెలుసు గదా" అన్నాను, గొంతు బయటికి రాకుండా.

"ఒక్కసారి" అన్నాడు. "అందరికీ తగ్గుతాంది జూడు."

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఒక్కసారేమే" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆశతో వచ్చిన నీళ్ళు అవి. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఈయన అత్త కోసం రాలేదు, అక్క కోసం రాలేదు. తన బిడ్డకు పసిరికలని నమ్మి వచ్చాడు.

మా వంతు వచ్చింది. పాపను ముందుకు కూర్చోబెట్టి మాస్కు కిందికి లాగింది మా అత్త. దావూద్ తాత చైత్ర గదమ కింద, గడ్డానికి ఆనేలా చెయ్యి పెట్టాడు. రెండో చేతిలో గ్లాసు. నా వైపు చూసి, "ఏమొచ్చిందమ్మా బిడ్డకు?" అన్నాడు.

నోరు తెరిచాను. పసిరికలు అనే మాట నాలుక మీదే ఉంది. అది ఎంత అలవాటైపోయిందంటే దానంతటదే వచ్చేసేది. గ్లాసు పాప పెదవికి బెత్తెడు దూరంలో ఉంది. పసరు మీద ఒక చిన్న ఆకుముక్క తేలుతోంది. నాకు ఒళ్ళంతా ఒక్కసారి మండింది. తిమ్మిరెక్కిన చేతిలోకి రక్తం తిరిగొచ్చినప్పుడు ఎంత మంట! ఆ మంటకే మాట బయటికి వచ్చిందేమో.

"పసిరికలు కాదు" అన్నాను. "క్యాన్సర్. రక్తంలో."

దావూద్ తాత చెయ్యి ఆగింది. గ్లాసు వెనక్కి తీసుకుని పీట పక్కన పెట్టాడు. పాప గదమ కింద చెయ్యి తీసి, ఆ చేతిని ఆమె గుండు మీద పెట్టాడు.

"దానికి నా కాడ మందు లేదు తల్లీ" అన్నాడు.

పావని వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అత్త నిలబడినచోటే నాపరాయి మీద కూలబడింది. నేను పాప మాస్కు పైకి లాగి ఎత్తుకున్నాను. మా ఆయన మాత్రం లేవలేదు. దావూద్ తాత ముందు చేతులు జోడించి, "అయినా ఇయ్యి తాతా. ఒక్కసారి ఇచ్చి జూడు" అన్నాడు.

"నేను ఇయ్యకూడదప్పా" అన్నాడు ముసలాయన. "లేనిది ఉందని ఎట్ల ఇయ్యను?"

మా ఆయన్ని వదినే చెయ్యి పట్టి లేపింది. బండి దగ్గర ఆయన నా ముఖం చూడకుండా, "ఇంతసేపూ బాగుండె గదా పాప" అన్నాడు. నేనే ఆ జబ్బును తెచ్చి బిడ్డ మీద పెట్టినట్టు అన్నాడు. కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత కోపం వచ్చింది. తిట్టడానికి ఓపిక లేక బండెక్కాను.

ఒళ్ళో పాప కదిలింది. "అమ్మా, నాకు పసిరికలు కాదా?"

"కాదు పాపా. రక్తంలో వచ్చే జబ్బు. దానికే మనం తిరుపతికి పోయేది."

"ఓ" అంది. కాసేపు కిటికీలోంచి తోటలు చూసి నిద్రపోయింది.

పులివెందులలో పావని వదిన దిగింది. దిగేముందు పాప పాదాలు రెండూ కాసేపు పట్టుకుంది. మా అత్త కొంగు నెత్తిమీదికి లాక్కుని ముందర కూర్చుంది. ఇప్పుడు ఏడుస్తుంది, శోకాలు పెడుతుంది, కాలనీలో తెలిసిపోతుంది అనుకుంటూ కూర్చున్నాను. ఇన్ని నెలలు మేము భయపడింది ఆ ఏడుపుకే.

మా అత్త వెనక్కి తిరక్కుండానే, "ఈ జబ్బుకు జ్వరమొస్తే ఏం జేయాల హేమా?" అంది.

"ఎమ్మటే ఆసుపత్రికి పోవాల అత్తా. అదే గంటలో."

"నీళ్ళు?"

"కాంచినవే."

"నేను కుండలోవి ఇస్తాంటి" అంది. తర్వాత, "ఆ దోశ నువ్వు దానికే పెట్టింది గదా. నేను నిన్ను నలుగుర్లో అంటి" అంది. అంతే అంది.

ముద్దనూరు ఇంకా రాకముందే ఆయన బండి పక్కకు తీశాడు. దిగి, రోడ్డు పక్క కంపచెట్ల అవతలికి నడిచి, ఒక బండరాయి మీద కూర్చున్నాడు. ఏడుపు వినబడలేదు గానీ వీపు కదులుతోంది. నేను కదల్లేదు. ఆయన్ని ఓదార్చడానికి నా దగ్గర ఏముంది? నన్నెవరు ఓదార్చారు?

"పాపను నాకియ్యి" అంది అత్త. "వాని కాడికి పో."

పోయాను. పక్కన కూర్చున్నాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఆయన, "డాక్టరు ఏం జెప్పినాడు?" అన్నాడు.

"యా పొద్దు?"

"మొదటి పొద్దు."

నాకు అర్థం కాలేదు. "నువ్వూ ఉంటివి గదా బావా. నా పక్క కుర్చీలోనే. అన్నిటికీ తలకాయ ఊపితివి."

"ఉంటి" అన్నాడు. "ఆ మాట దాకా ఇన్యా. ఆ మాట అంటానే మా నాయన కండ్ల ముందరికొచ్చె. తర్వాత డాక్టరు నోరు ఆడతాండాది, నాకేం ఇనపడల్యా. బయటికొచ్చి అమ్మకు ఫోన్ జేసినా."

నేను ఆయన ముఖం చూశాను. పిల్లవాడి ముఖంలా ఉంది. ఆ గదిలో డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. బొమ్మ గీసి మరీ చెప్పాడు. అందులో మందుల మాటలు మాత్రం నాకు పాఠంలా గుర్తున్నాయి. ఏ మందు ఎప్పుడో, ఏది పెట్టకూడదో అన్నీ గుర్తుపెట్టుకుని, మిగిలింది ఎక్కడో పడేశాను. ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పడం మొదలుపెట్టాను.

"ఈ జబ్బు పిల్లోళ్ళకు వస్తాండేదే అన్యాడు. మనం జేసిన తప్పు ఏంలేదన్యాడు. వైద్యం శానా దినాలు పడ్తాది, మధ్యలో నిలపగూడదు అన్యాడు. పెద్దోళ్ళకొచ్చేది వేరే, పిల్లోళ్ళకొచ్చేది వేరే అన్యాడు. పిల్లోళ్ళలో శానామందికి తగ్గిపోతాది, మళ్ళా బడికి పోతారు, పెద్దోళ్ళవుతారు అన్యాడు."

ఆయన తల తిప్పాడు. "తగ్గుతాదన్యాడా?"

"అందరికీ అని చెప్పలేను, శానామందికి అన్యాడు."

"డాక్టరే అన్యాడా? నువ్వు నా కోసరం అంటాండావా?"

"డాక్టరే అన్యాడు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పల్యా?"

"నీకు తెలుసనుకుంటి బావా" అన్నాను. తగ్గుతుందనే మాట నా నోటినుంచే నేను మొదటిసారి విన్నాను. డాక్టరు చెప్పినప్పుడు చెవిన పడింది గానీ వినలేదు. ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఆయనేమో చావునొక్కటే విన్నాడు, నేను మందుల వేళలు విన్నాను. తగ్గుతుందనే మాట మా ఇద్దరికీ అందకుండా ఆ గదిలోనే ఉండిపోయింది. నేను రోడ్డు పక్కన కూర్చుని గట్టిగా ఏడ్చాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మళ్ళా చెప్పు" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.